దొర విడిదికి వెళ్లొచ్చాడు

అత్తయ్య గారికి,

మీ పెద్ద కోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ మీ అబ్బాయి, మీ మనవడు దొర, నేను ముగ్గురం కులాసా. అక్కడ మీరు, మరిదిగారు, చెల్లాయి, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. కులాసా అని ప్రతి ఉత్తరంలోనూ రాసేదాన్నే గానీ, ఆ మాట నిజమో కాదో చూసుకునే తీరిక ఉండేది కాదు. ఈసారి చూసుకునే రాస్తున్నాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. చదివి వినిపిస్తానని మీ అబ్బాయే ముందు తీసుకున్నారు. మొదటి పేజీ సగం దాటేసరికి గొంతు సవరించుకుని, "ఇది నీకు రాసింది, నువ్వే చదువుకో" అని నా చేతిలో పెట్టి చెప్పులేసుకున్నారు. మీ తిట్లు ఏ లైనులో మొదలవుతాయో ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు కదా.

మీరు అడిగినవన్నీ ఒక్కొక్కటే రాస్తాను. అంతకంటే ముందు, మీరు చివర కింద గీత గీసి మరీ రాసిన మాట ఉంది. "నీ నడుముకి ఆపరేషన్ అయిపోయింది కాబట్టి ఇక దొరని ఆ ఇంటికి పంపే పని లేదు. దేవుడి ముందు నాకిచ్చిన మాట గుర్తు పెట్టుకో" అన్నారు. గుర్తుంది అత్తయ్యా. తొమ్మిదేళ్ల కిందట, మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేక మీరు మరిదిగారింటికి వెళ్లిపోయిన రోజు, "నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వీణ్ణి పరాయి చేతుల్లో పెట్టను" అని దేవుడి పటం మీద చెయ్యి వేసి చెప్పాను. మీరు అడగలేదు, నేనే చెప్పాను. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు మూడు నెలలకోసారి నాలుగు రోజుల చొప్పున దొరకి ఒక మంచం ఉంచుతామంటున్నారు. కావాలో వద్దో ఈ శనివారంలోగా చెప్పాలి. మీకు అన్నీ చెప్పకుండా అటు అవుననీ అనలేను, కాదనీ అనలేను. అందుకని ఉత్తరం పెద్దదవుతుంది. భోజనం చేశాక, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

"అది ఆస్పత్రా, అనాథాశ్రమమా?" అని అడిగారు. రెండూ కాదు. బస్సు దిగి మందుల షాపు పక్క సందులోకి తిరిగితే నాలుగో గేటు. పైన "విడిది" అని రాసి ఉంటుంది, అంతే. మెట్లు లేవు, ఏటవాలుగా సిమెంటు దారి ఉంది. లోపల ఆరు మంచాలు. మన దొర లాంటి నడక, మాట రాని పిల్లలు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు, మూడు రోజుల నుంచి వారం దాకా ఉండి ఇంటికి వెళ్లిపోతారు. ఎవరూ అక్కడే ఉండిపోరు. వాళ్లకి కాస్త కొత్త గాలి తగలాలని, ఇంట్లో చూసుకునే మనిషికి కాస్త ఊపిరి ఆడాలని పెట్టిన ఇల్లది. గోడలు లేత పసుపు. ఫినాయిల్ వాసన వస్తుందనుకున్నాను, ఎండలో ఆరిన దుప్పట్ల వాసన వచ్చింది. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? ఎవరూ చూడట్లేదనుకుని మంచం కింద వేలితో రాసి దుమ్ము చూశాను.

"కిటికీ పైన కూడా చూడండమ్మా. స్టూలు తెమ్మంటారా?" అని వెనక నుంచి గొంతు.

సిగ్గుతో చచ్చాను. ఆయన్ని అందరూ గుండన్న అంటారు. తల మీద వెంట్రుక లేదు, చేతులు మాత్రం రోకళ్లు. పాతికేళ్లు లారీ నడిపాడట. మంచాన పడ్డ తమ్ముణ్ణి చూసుకోవడానికి లారీ మానేశాడు, ఆ తమ్ముడు పోయాక ఈ పనిలో చేరాడు. "నిన్న వచ్చినావిడ దిండు విప్పి దూది చూసిందమ్మా. మీరు నయం" అన్నాడు.

"రోజూ వాణ్ణి ఎత్తేదెవరు, ఎక్కడైనా పడేస్తే?" అన్నారు. ఇది వినండి. గుండన్న ఎత్తనే ఎత్తడు. మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్య నున్నటి చెక్క ఒకటి వంతెనలా వేసి, దొరని దాని మీదుగా జరుపుతాడు. "ఎత్తితే నడుం పోతుంది, జరిపితే పని అవుతుంది" అన్నాడు. దొర ఇప్పుడు యాభై రెండు కిలోలు. ఇరవై రెండేళ్లుగా మనం ఎత్తుతూనే ఉన్నాం. ముందు మీరు, తర్వాత నేను. మీ మోకాళ్లూ, నా నడుమూ అక్కడే పోయాయి. మీ అబ్బాయి ఉద్యోగమా, ఇనుము చెక్కే లేతు మెషీను మీద, రోజంతా కొలతలు వేసే పని. ఒక చెక్క ఆలోచన మన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు చూడండి. దొర ఇంటికి వచ్చిన మర్నాడే మీ అబ్బాయి వడ్రంగి చేత ఒకటి చేయించారు, అంచులు తనే నునుపు పట్టారు. ఇప్పుడు దాన్ని పక్కింటివాళ్లకి కూడా చూపిస్తున్నారు, తనే కనిపెట్టినట్టు.

రాత్రిళ్లు పక్క మార్చే పని కూడా గుండన్నదీ, ఇంకొకాయనదీ. మూడేసి గంటలకోసారి. మార్చినప్పుడల్లా మంచం దగ్గర వేలాడే కాగితంలో టైము వేస్తారు. నేను ఆరు రోజుల కాగితాలూ చూశాను. ఒక్క గడీ ఖాళీ లేదు. వీపు మీద ఎర్రటి మచ్చ ఒక్కటి లేకుండా తిరిగొచ్చాడు.

"ఏడ్చాడా?" అని అడిగారు. ఏడ్చింది నేను. బట్టల సంచి ఇచ్చాను, మందుల డబ్బా ఇచ్చాను, ఏం కావాలన్నా వాడు చూపించే బొమ్మల పలక, మీరు గుడ్డ కవరు కుట్టినది, ఒళ్లో పెట్టాను. వెళ్లాలని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి ముద్దు పెట్టాను. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాను. మూడోసారి వచ్చేసరికి వాడు, అందరి ముందూ, "చాలు" అన్నాడు. వాడికి తేటగా వచ్చే మాటలే నాలుగు. అందులో ఒకటి తీసి నా మొహాన కొట్టాడు. గుండన్న పైకప్పు చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

ఇక తిండి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేర్చే ముందు మనకొక పుస్తకం ఇస్తారు. మనిషి ఎలా తింటాడు, ఎలా పడుకుంటాడు, నొప్పి వస్తే ఎలా చెప్తాడు, దేనికి భయం, దేనికి ఇష్టం, అన్నీ మనం నింపాలి. ఎడమ పేజీ మనది. కుడి పేజీ ఖాళీగా ఉంటుంది. ఉన్నన్నాళ్లూ వాళ్లు చూసినవి అందులో రాసి, వెళ్లేటప్పుడు పుస్తకం మనకే ఇచ్చేస్తారు. నేను రెండు సాయంత్రాలు కూర్చుని పరీక్ష రాసినట్టు రాశాను. పది పాసయ్యాక ఇంత రాయడం అదే. భోజనం దగ్గర ఇలా రాశాను: "నేను పెడితేనే తింటాడు. వేరే చెయ్యి తగిలితే నోరు బిగిస్తాడు."

బిగించాడట కూడా. గుండన్న బతిమాలలేదు. చెంచాకి గుడ్డ పట్టీ చుట్టి వాడి ఎడమ చేతికి కట్టాడు, కంచం ముందు పెట్టాడు, ఎదురుగా కూర్చుని తన భోజనం తను మొదలుపెట్టాడు. "దొరగారూ, నాది అయిపోగానే రెండు కంచాలూ కడిగేస్తా. తర్వాత మీ ఇష్టం" అన్నాడట. మొదటి పూట ముప్పావు వంతు చొక్కాకి, పావు వంతు నోటికి. మూడో రోజుకి అది తిరగబడింది. కుడి పేజీలో ఆ లెక్కే ఉంది: "చొక్కా కొద్దిగా, నోరు ఎక్కువ. రెండోసారి వడ్డించమన్నాడు."

అత్తయ్యా, ఆ ఎడమ చెయ్యి ఎవరిదో చెప్పండి. వాడికి పదమూడేళ్లు వచ్చేదాకా రోజూ పొద్దున గుడ్డ బంతి పట్టించి, "ఈ చెయ్యి నాకిచ్చెయ్యరా, నీకెందుకు" అని లాగేవారు. వాడు ఇవ్వనని గింజుకునేవాడు. ఆ గింజుకున్న బలమే ఇవాళ చెంచా పట్టింది. మీరు వెళ్లాక నేనేం చేశాను? ఒక్క మెతుకు కింద పడనివ్వకుండా తినిపించాను. మంచిగానే చేశాననుకున్నాను.

దొర అక్కడ చేసిన ఇంకో పని చెప్తాను. ఇది రాయడానికే రెండు రోజులుగా చెయ్యి దురద పెడుతోంది. వాడి పక్క మంచం ఒక మాస్టారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. పక్షవాతం వచ్చి మాట పోయింది. ఏం చెప్పబోయినా నోట్లోంచి "రేపు" అనే మాటే వస్తుంది. నీళ్లు కావాలన్నా "రేపు", నొప్పన్నా "రేపు". ఎప్పుడు ఇంటికెళ్తానని అడుగుతున్నారనుకుని కొత్తగా చేరిన ఆయా, "రేపు కాదండీ, శుక్రవారం" అంటుంది. ఆయన కోపంతో మంచం పట్టె కొడతారు. రెండో రోజు మధ్యాహ్నం అలా కొడుతుంటే మన దొర "కాదు, కాదు" అని గట్టిగా అరిచాడట. ఆయా పరిగెత్తుకొచ్చింది. దొర తన కుర్చీ చక్రాన్ని పిడికిలితో నెట్టుకుంటూ ఆయన దగ్గరికి పోయి, ఒళ్లోని బొమ్మల పలక ఆయన ముందు పెట్టాడు. ఆ పలక సంగతి మీకు తెలుసు, ముట్టుకుంటే కరిచేవాడు. ఒక్కో బొమ్మ మీదా పిడికిలి పెట్టి మాస్టారి మొహం చూడటం, మళ్లీ ఇంకో బొమ్మ. కిటికీ బొమ్మ దగ్గరికి రాగానే ఆయన "రేపు!" అని కేక పెట్టారు. చూస్తే, ఎండ తిన్నగా ఆయన కళ్లలో పడుతోంది. అంతమంది కళ్లున్నవాళ్లున్నారు, ఒక్కరికీ కనిపించలేదు.

ఆ రోజు నుంచీ మాస్టారికేం కావాలన్నా అక్కడివాళ్లు "దొరగారిని పిలవండి" అనేవారట. మాట రానివాడు ఇంకొకరికి మాట సాయం చేశాడు. వాణ్ణి తీసుకురావడానికి వెళ్లిన రోజు మాస్టారి భార్య కూడా వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దదేమో, పమిట బిగించి నడుస్తుంది, మాట కొట్టినట్టుంటుంది.

"ఈ అబ్బాయి నీ కొడుకా? మా ఆయన నాతో ఇంతగా మాట్లాడి రెండేళ్లయింది. నీ కొడుకుతో మాట్లాడాడట. ఏం మందు పెట్టాడో అడిగి చెప్పు."

"మందేం లేదు పిన్నిగారూ. మాట అర్థం కాకపోతే ఎలా ఉంటుందో వాడికి తెలుసు" అన్నాను.

ఆవిడ దొర తల నిమిరింది. ఇరవై రెండేళ్లలో నా దగ్గర ఆగి "అయ్యో పాపం" అన్నవాళ్లే గానీ, "నీ కొడుకా?" అని అలా అడిగినవాళ్లు లేరు. గేటు దాటేదాకా నా నడక మారిపోయింది. గర్వం పాపమంటారు. ఆ పాపం నేను చేశాను, మళ్లీ చేస్తాను.

కుట్ల సంగతి అడిగారు. చెప్తాను, ఇంకొంచెం ఆగండి. ముందు స్నానం సంగతి రాయాలి. ఇది ఎలా రాయాలో తెలియక నిన్న రెండు కాగితాలు చింపేశాను.

పుస్తకంలో నేను రాసింది ఇది: "స్నానం నేనే చేయిస్తాను. సబ్బంటే భయం. నీళ్లు పోసినంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుంటాడు." ఎన్నో ఏళ్లుగా అలాగే ఉంది. కళ్లు మండని సబ్బులు ఎన్ని మార్చానో మీకు తెలుసు, మీరు కూడా ఒకటి పంపించారు. ఇంటికొచ్చాక కుడి పేజీ చూశాను. గుండన్న రాత కోడి కెలికినట్టుంటుంది, రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. "స్నానానికి మగవాళ్లు కావాలని పలక మీద చూపించాడు. నేను, ఇంకొకాయన చేయించాం. కళ్లు మూసుకోలేదు. సబ్బు తనే అడిగి రుద్దుకున్నాడు. పాట లాంటిది పాడాడు."

కళ్లు మూసుకోలేదు అన్నచోట ఆగిపోయాను. సబ్బంటే భయం కాదు అత్తయ్యా. వాడికి ఇరవై రెండేళ్లు. తల్లి ముందు బట్టల్లేకుండా కూర్చోవాల్సి రావడం వాడికి సిగ్గు. నోటితో చెప్పలేక కళ్లు మూసుకున్నాడు. నేను కన్నాను కదా నాకు తెలియదా అనుకుని, సబ్బులు మార్చుకుంటూ పోయాను. ఎన్నేళ్ల నుంచో కూడా నాకు తెలియదు. గడ్డం వచ్చినప్పటి నుంచేమో. మా ఇద్దరి మధ్యా రోజూ పొద్దున జరిగేదే. నేను చూడలేదు. కొత్తవాడు అడిగాడు గనక చూశాడు.

మీ అబ్బాయికి ఆ పేజీ చూపించాను. ఆయన చదివారు. మర్నాడు అరగంట ముందు లేచి, లుంగీ పైకి కట్టి, "ఒరేయ్ దొరా, పద, మగవాళ్ల స్నానం" అన్నారు. మొదటి రోజు ఇద్దరూ తడిశారు. మూడో రోజు నుంచి లోపల్నుంచి రాగాలు వస్తున్నాయి. ఎవరిది పాటో ఎవరిది ఏడుపో చెప్పలేను గానీ, ఇద్దరూ సంతోషంగానే బయటికి వస్తున్నారు. నేను ఆ సమయంలో వంటింట్లో తలుపేసుకుని ఉంటున్నాను. అదే నేను వాడికి ఇవ్వగల మర్యాద.

ఇప్పుడు కుట్లు. కుట్లు లేవు అత్తయ్యా. ఆపరేషన్ జరగలేదు.

నేను మీకు ఆస్పత్రి నుంచి వచ్చాక రాసిన ఉత్తరం తీసి చూడండి. "ఆస్పత్రి పని చూసుకుని వచ్చాను. బరువులెత్తొద్దన్నారు. ఇంట్లో పడుకుని ఉన్నాను, నొప్పి తగ్గింది." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఒక్కో వాక్యం అబద్ధం కాకుండా చూసుకుని మరీ రాశాను. దేవుణ్ణి కూడా మోసం చెయ్యొచ్చనుకున్నట్టున్నాను. మీరు చదివి ఆపరేషన్ అయిందనుకున్నారు. అలా అనుకోవాలనే రాశాను.

జరిగింది ఇది. దొరని తొమ్మిదింటికి విడిదిలో దింపి, పదింటికి ఆస్పత్రికి చేరాను. మీ అబ్బాయి సాయంత్రం పని నుంచి నేరుగా వస్తామన్నారు. ఆ రోజు పెద్ద డాక్టరు కొత్త ఫోటోలు తీయించి చూసి, "కోత అక్కర్లేదమ్మా. వ్యాయామం చెప్తాం. రెండు రోజులు నడుం వాల్చండి, ఇక మీదట బరువులెత్తకండి, సరిపోతుంది" అన్నారు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వారం రోజుల బట్టలున్న సంచి పట్టుకుని మళ్లీ బస్సెక్కాను. దొరని ఇంటికి తెచ్చేసుకుందామనే ఎక్కాను.

విడిది గేటు దగ్గరికి వచ్చాను. కిటికీలోంచి భోజనాల గది కనిపిస్తుంది. వాడి చేతికి చెంచా కట్టి ఉంది. చొక్కా నిండా అన్నమే. గుండన్న ఏదో అన్నాడు, మన దొర మెడ వెనక్కి వాల్చి ఒళ్లంతా ఊగేలా నవ్వుతున్నాడు. నన్ను చూడలేదు. నా చెయ్యి గేటు గడియ మీద ఉంది.

వాడు సంతోషంగా ఉన్నాడని వదిలేసి వచ్చానని రాస్తే మీరు మెచ్చుకుంటారు. అది సగమే. రెండో సగం ఇది: నాకు గడియ తియ్యాలనిపించలేదు. ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది. అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

ఇంటికెళ్లి రెండింటికి పడుకున్నదాన్ని, మర్నాడు పొద్దున లేచాను. ముందురోజు సాయంత్రం మీ అబ్బాయి ఫ్లాస్కు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లారు. వార్డులన్నీ తిరిగారు. అలాంటి పేషెంటు లేరన్నారట. చెమటలు పట్టి ఇంటికి పరిగెత్తుకొచ్చారు. పొద్దున కాఫీ ఇస్తూ అంటారు కదా, "నువ్వు అక్కడ లేవని చెప్పగానే నా ప్రాణం పోయింది. ఇంటికొచ్చి తలుపు తీస్తే గురక. నువ్వు గురక పెడతావని పెళ్లయిన ఇరవై నాలుగేళ్లకి ఇప్పుడు తెలిసింది." సిగ్గుతో మంచం దిగలేదు. "మరి వాణ్ణి తెచ్చేద్దామా?" అని అడిగారు. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. ఆ పుణ్యం ఆయనకే దక్కాలి.

రెండో రోజుకే నడుము నొప్పి తగ్గిపోయింది. మూడో రోజు నేను లేచి వెళ్లి తెచ్చుకోగలను. ఒంట్లో ఓపిక ఉంది. మీకిచ్చిన మాట ప్రకారం తెచ్చుకోవాలి. తేలేదు. వేడి అన్నం వేడిగా ఉండగానే తిన్నాను. ఎదురింటి గోడ మీద ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నాను. దేవుడి ముందు కూర్చుంటే మధ్యలో లేవలేదు. ఇన్నేళ్లూ ఒక చెవి వాడి గది వైపు వేసి, దేవుడికి సగం సగం మాటలే చెప్పుకున్నాను. మొదటిసారి మొత్తం ప్రార్థన పూర్తయింది. పూర్తయ్యాక ఇంకా టైముంది. ఏం చెప్పాలో తెలియక, మాట తప్పానని చెప్పాను. దేవుడు నాకిలా చెప్పాడని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నాకేమీ వినపడలేదు. లేచేటప్పటికి మాత్రం భయం లేదు.

దొరని తెచ్చుకునే రోజున మాస్టారి భార్యని అడిగాను. "మీకేం ఒంట్లో బాగోలేదా పిన్నిగారూ, ఆయన్ని ఇక్కడ పెట్టారు?"

"నాకేం రోగం! దుక్కలా ఉన్నా. ఇది ఎనిమిదోసారి" అంది.

"మరి ఈ వారం ఏం చేశారు?"

"పన్ను పీకించుకున్నా. నిద్రపోయా. కోడలితో తీరిగ్గా పోట్లాడా."

"తప్పు చేస్తున్నామని అనిపించదా?"

"మొదటిసారి అనిపించింది. ఆయన్నే అడిగా, నిన్ను వదిలించుకుంటున్నాననుకుంటున్నావా అని. 'రేపు' అన్నాడు. సరే రేపే ఆలోచిద్దామని వెళ్లి పడుకున్నా." అని పెద్దగా నవ్వి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "వారం తర్వాత ఇంటికొచ్చిన మొగుణ్ణి చూస్తే నాకు మొగుడిలా కనిపిస్తాడమ్మా. వారం ముందు పనిలా కనిపించేవాడు."

ఆ మాట నాలో దిగిపోయింది. ఆ రోజు దొర కుర్చీ నెట్టుకుంటూ వస్తుంటే నాకూ వాడు అలాగే కనిపించాడు. మెడ కింద గడ్డం నీలంగా ఉంది. కళ్లు మీవి. మనవాడు అందగాడు అత్తయ్యా. ఎన్నాళ్లకి చూశానో.

ఇక మీకిచ్చిన మాట. ఆ మాట నాది, ప్రేమతోనే ఇచ్చాను. కానీ అది దొర గురించి ఇచ్చిన మాట, దొరని అడగకుండా ఇచ్చాను. మూడు నెలలకోసారి మంచం ఉంచే ఈ కొత్త కాగితం మీద సంతకాలు రెండు. ఒకటి చూసుకునేవాళ్లది, రెండోది వచ్చి ఉండే మనిషిది. "వీడికి సంతకం రాదు కదా" అన్నాను. "రాకపోతే ఏం, ఇష్టం ఉందో లేదో వస్తుంది కదా" అని, మేం వచ్చేసే రోజున గుండన్న దొర ముందు పలక పెట్టి, మళ్లీ వస్తారా అని అడిగాడు. వాడు ఇల్లు బొమ్మ మీద పిడికిలి పెట్టాడు. ఇక రానంటున్నాడనుకున్నాను. ఆ తర్వాత గుండన్న గుండు మీద ఒక్కటి వేశాడు. మళ్లీ ఇల్లు బొమ్మ, మళ్లీ గుండు. రెండూ కావాలట వాడికి. వాడి బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించారు. ఇరవై రెండేళ్లలో వాణ్ణి ఎవరైనా ఏదైనా అడిగి వేలిముద్ర వేయించుకోవడం అదే మొదలు. ఇంటికొచ్చి మూడు రోజులు ఆ వేలు కడగనివ్వలేదు.

పైన అవుననలేనని మొన్న రాశాను గానీ, నా సంతకం ఇవాళ పొద్దున పెట్టేశాను. శనివారం దాకా ఆగలేదు, మీ జవాబు కోసం కూడా ఆగలేదు. మిమ్మల్ని అడక్కుండా ఈ ఇంట్లో నేను చేసిన మొదటి పని ఇదే. కాగితంలో "ఎందుకు కావాలి" అని ఒక గడి ఉంది. పోయినసారి ఆపరేషన్ అని రాశాను. ఈసారి "మా ఇద్దరికీ విశ్రాంతి" అని రాశాను. 

దేవుడి ముందు ఇచ్చిన మాట నుంచి దేవుడు విడిపించాడో లేదో నాకు తెలియదు. మీరు విడిపిస్తే నాకు సగం బరువు దిగుతుంది. విడిపించకపోయినా వాణ్ణి పంపుతాను. ఈ మాట మీతో నెమ్మదిగానే అంటున్నాను, ఎప్పటిలాగే. మాట నెమ్మదైనంత మాత్రాన మనసు వెనకాడుతోందనుకోకండి.

వచ్చే నెల పన్నెండో తారీఖు నుంచి దొర నాలుగు రోజులు విడిదిలో ఉంటాడు. మీరు వెళ్లి తొమ్మిదేళ్లయింది. కాళ్లు నొప్పులంటే ఉత్తరంలో చదివాను, కంటికి మందు వేసుకుంటున్నానంటే ఉత్తరంలో చదివాను. మిమ్మల్ని ఒక్క పూట వచ్చి చూసే వీలు నాకు దొరకలేదు. పన్నెండున వాణ్ణి దింపి పదింటి బస్సెక్కుతాను, సాయంత్రానికి మీ దగ్గరుంటాను. మోకాళ్లకి నేనే కాపడం పెడతాను. నన్ను తిట్టాలనుకున్నవేవీ ఉత్తరంలో రాయకండి. ఎదురుగా కూర్చుని వింటాను. నాలుగు రోజులున్నాయి, మనకి తొందరేం లేదు.

ఇట్లు,
మీ పెద్ద కోడలు,
దొర వాళ్లమ్మ